ముందే పగలగొట్టిన మద్దెల

ఆడలేక మద్దెల ఓడు అంటాం. ఆ ఆడే మనిషికి తన సంగతి తెలుసు, తెలిసే బుకాయిస్తోందని ఆ సామెతలో ఓ నింద. అది సగమే న్యాయమని నాకనిపిస్తుంది. ఆమెకు మద్దెల నిజంగానే ఓటిగా వినబడి ఉండొచ్చు.

మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్టను కోయించుకున్న రోగులను మెదడు శాస్త్రవేత్తలు మైకేల్ గజానిగా, జోసెఫ్ లెడూ 1970ల్లో పరిశీలించారు. వాళ్లలో ఒకరికి ఎడమ మెదడుకు కోడికాలు, కుడి మెదడుకు మంచు కప్పిన ఇల్లు కనబడేలా బొమ్మలు చూపించారు. కుడిచేతిని నడిపేది ఎడమ మెదడు, ఎడమచేతిని కుడి మెదడు. వాటికి సరిపోయేవి ఏరమంటే కుడిచెయ్యి కోడిని చూపింది, ఎడమచెయ్యి పారను. మంచు ఎత్తిపోయడానికి పార కావాలి కదా, రెండూ సరైనవే. చిక్కేమిటంటే, మాట్లాడేది ఎడమ మెదడు; అది మంచును చూడనేలేదు. పార ఎందుకని అడిగితే తడుముకోకుండా, కోళ్లగూడు శుభ్రం చెయ్యాలిగా అన్నాడు. తెలియదు అనలేదు! ఇలా కారణాలు అల్లే యంత్రాంగానికి గజానిగా 'వ్యాఖ్యాత' అని పేరు పెట్టాడు.

మెదడు కోయించుకోనివాళ్లమూ ఇందుకు తీసిపోం. నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో రాసిన ప్రయోగంలో నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి, నాణ్యమైనది ఏదో చెప్పమన్నారు. నాలుగూ అచ్చంగా ఒకటే. అన్నిటికన్నా ఎక్కువమంది ఎంచింది కుడి చివరి జతను. అది చివర ఉండటం వల్ల ఎంచామని తమంతట తాము ఒక్కరూ అనలేదు.

ఇవన్నీ పని అయ్యాక పుట్టే కారణాలు. నాకు అంతకన్నా వింతగా తోచేది పనికి ముందే సిద్ధమయ్యే సాకు. 1978లో మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, బెర్గ్‌లాస్, జోన్స్ కొందరు విద్యార్థులకు జవాబే లేని ప్రశ్నలిచ్చి, బాగా చేశారని మెచ్చుకున్నారు. ఎలా నెగ్గారో వాళ్లకే తెలియదు. రెండో పరీక్షకు ముందు రెండు మందులు చూపించారు: ఒకటి బుర్ర చురుకు చేసేది, ఒకటి మందగింపజేసేది. అలా మెప్పు పొందిన మగపిల్లల్లో ఎక్కువమంది కోరుకున్నది రెండోదాన్నే. ఆట మొదలవకముందే మద్దెల పగలగొట్టుకోవడమన్నమాట.

పరీక్ష ముందు రాత్రి పుస్తకం మూసి సినిమాకు పోయినవాణ్ని నేనూ. మార్కులు తగ్గితే చదవలేదు కాబట్టి; వస్తే, చదవకుండానే వచ్చాయి. ఎటు చూసినా తెలివికి మచ్చ లేదు. ఆ రాత్రి ఎవరైనా అడిగుంటే మాత్రం తలనొప్పిగా ఉంది, అందుకే అనేవాణ్ని. నిజంగానే నొప్పి ఉండేది కూడా.