"ప్రపంచ మీడియా అంతా అదే అంటోంది కదా!": అమెరికా అధ్యక్ష అభ్యర్థుల గురించి అపోహలు, వాస్తవాలు

అమెరికా అధ్యక్ష ఎన్నికలు దగ్గర పడుతున్న కొద్దీ, తెలుగు దినపత్రిక అంతర్జాతీయ డెస్క్‌లో పనిచేసే నాలాంటి వారికి ఫోన్లు మొదలవుతాయి. బంధువులు, పాఠకులు, పిల్లలను అక్కడికి పంపిన తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే: "ప్రపంచ మీడియా అంతా ఫలానా వారే గెలుస్తారని రాస్తోంది కదా, మీరెందుకు తేల్చి చెప్పరు?" ఈ ప్రశ్న వెనుక ఉన్న అపోహల్లో ఒకటి మిగిలిన వాటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది కనుక దానితోనే మొదలుపెడతాను.

అపోహ: ఇన్ని దేశాల పత్రికలు ఒకే మాట అంటున్నాయంటే అది నిజమే అయి ఉంటుంది.

వాస్తవం: ఆ పత్రికలన్నీ వేర్వేరుగా విచారించి ఒకే నిర్ణయానికి వచ్చాయని అనుకోవడమే పొరపాటు. విదేశీ విలేకరుల్లో ఎక్కువ మంది వాషింగ్టన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉంటారు. అక్కడి పెద్ద పత్రికలు, టీవీ ఛానెళ్లు ఏ అభ్యర్థిని ఎలా చూస్తున్నాయో గమనించి, దానికి తమ దేశపు కోణం జోడించి పంపుతారు. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), రాయిటర్స్, ఏఎఫ్‌పీ వార్తా సంస్థల కాపీలు అన్ని దేశాల డెస్క్‌లకూ చేరినట్లే మాకూ చేరుతాయి. ఒకే ప్రసంగం మీద మూడు ఏజెన్సీల కథనాలు రాత్రి షిఫ్టులో పక్కపక్కన పెట్టి చదివితే, ఇంట్రోలు మారతాయి తప్ప లోపలి వ్యాఖ్యలు చాలాసార్లు ఆ నలుగురు విశ్లేషకులవే. ఒకే బావి నీళ్లు పది బిందెల్లో నింపినంత మాత్రాన పది బావులు తవ్వినట్లు కాదు.

దీని ఫలితం 2016లో కనిపించింది. దేశం మొత్తం మీద హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. కానీ అక్కడ అధ్యక్షుణ్ని తేల్చేది మొత్తం ఓట్లు కాదు, రాష్ట్రాలవారీగా గెలుచుకునే ఎలక్టోరల్ ఓట్లు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు మూడూ కలిపి దాదాపు 78 వేల ఓట్ల తేడాతో ఆమె చేజారాయి, అధ్యక్ష పదవి వాటితోనే పోయింది. యూరప్ పత్రికలు ఆ ఫలితాన్ని చూసి నివ్వెరపోవడానికి కారణం ఆ మూడు రాష్ట్రాల ఓటర్ల మనసు వాటి కథనాల్లోకి పెద్దగా రాకపోవడమే. అందుకే ఎవరైనా విదేశీ కథనం పంపితే నేను ముందు చూసేది డేట్‌లైన్, అంటే కథనం మొదట్లో ఉండే ఊరి పేరు. వాషింగ్టన్ అని ఉందా, పెన్సిల్వేనియాలోని ఏదో చిన్న ఊరి పేరు ఉందా అన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుంది.

ఇష్టపడటం వేరు, అంచనా వేయడం వేరు. లండన్ నుంచి వెలువడే ది ఎకనమిస్ట్ 2004 నుంచి 2024 వరకు జరిగిన ఆరు ఎన్నికల్లోనూ డెమొక్రాట్ అభ్యర్థినే సమర్థించగా, వారు మూడుసార్లు గెలిచారు, మూడుసార్లు ఓడారు. 2024లో అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 34 దేశాల్లో జరిపిన సర్వేలో బైడెన్ మీద నమ్మకం ఉందన్న వారి మధ్యగత శాతం 43, ట్రంప్ మీద 28. ఆ నవంబరులో బైడెన్ స్థానంలో నిలిచిన కమలా హారిస్‌ను 312 ఎలక్టోరల్ ఓట్లతో ఓడించింది ట్రంపే.

బయటివారి ఇష్టం కొన్నిసార్లు అభ్యర్థికి బరువు కూడా అవుతుంది. 2008 జులైలో బెర్లిన్‌లో ఒబామా మాట్లాడితే దాదాపు 2 లక్షల మంది వచ్చారు. ప్రత్యర్థి జాన్ మెకెయిన్ బృందం ఆ దృశ్యాలనే వాడి ఒబామా కేవలం ఒక సెలబ్రిటీ అని ప్రకటన తయారు చేసింది. 2004లో బ్రిటన్‌కు చెందిన ది గార్డియన్ మరో అడుగు ముందుకు వేసి, ఒహాయో రాష్ట్రంలోని క్లార్క్ కౌంటీ ఓటర్లకు ఉత్తరాలు రాయమని తన పాఠకులను ప్రోత్సహించింది. "మా ఎన్నికల్లో మీ జోక్యమేమిటి" అన్న ఆగ్రహం అక్కడ పెల్లుబికింది. అంతకు ముందు 2000లో డెమొక్రాట్ అల్ గోర్‌కు మొగ్గిన ఆ కౌంటీ ఈసారి రిపబ్లికన్ బుష్‌కు ఓటేసింది. ఉత్తరాల వల్లే అలా జరిగిందని నేననను, కానీ ఆ ఉత్తరాలు ఆశించిన ఫలితం మాత్రం ఇవ్వలేదు.

నిజానికి ప్రతి దేశమూ అభ్యర్థిలో తన ఆందోళననే వెతుక్కుంటుంది. జర్మనీ పత్రికకు నాటో, కార్ల మీద సుంకాలు ముఖ్యం, మెక్సికో పత్రికకు సరిహద్దు, మనకు వీసా. అమెరికన్ల దృష్టిలో మనదీ విదేశీ మీడియానే. 2024 జూన్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో ట్రంప్, అక్కడి కాలేజీల్లో చదివిన విదేశీ విద్యార్థులకు డిగ్రీతో పాటే గ్రీన్ కార్డు రావాలన్నారు. ఖమ్మం వైపు నుంచి ఒక తండ్రి నాకు ఫోన్ చేశారు. "ఏమండీ, ఆయన గెలిస్తే పట్టా చేతిలో పెట్టగానే గ్రీన్ కార్డట గదా, పొలం తాకట్టు పెట్టయినా అబ్బాయిని ఈ ఏడే పంపమంటారా?" ఆయన విన్నది ఒక యూట్యూబ్ ఛానెల్‌లో. కఠినంగా వడపోసిన తర్వాత, అత్యంత నైపుణ్యం ఉన్నవారికే అది వర్తిస్తుందని ప్రచార బృందం ఆ వెంటనే ఇచ్చిన వివరణను ఆ ఛానెల్ ప్రస్తావించనే లేదు. ఆ తండ్రి ఆశను నేను తప్పుపట్టను. ఆ ఆశ మీద వ్యూస్ సంపాదించుకున్నవారిని మాత్రం క్షమించలేను. ఆ హామీ చట్టం కాలేదు. పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అదే నాయకుడు ఉత్తర్వు ఇచ్చారు. హెచ్-1బీ వార్షిక పరిమితి 85 వేలను మార్చాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి, అధ్యక్షుడొక్కరే మార్చలేరు. ప్రచారంలో వినిపించిన మాటను నమ్మి పొలం తాకట్టు పెట్టవద్దని ఆయనకు చెప్పాను, ఇప్పుడడిగినా అదే చెబుతాను.

మిగిలినవి క్లుప్తంగా.

అభ్యర్థికి మన మూలాలుంటే మనకు మేలన్నది అపోహ. 2024లో కెమెరాలు కమలా హారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురానికీ, ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జేడీ వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరుకూ వెళ్లాయి. ఆ గర్వం సహజమే, కానీ వలస విధానం దాన్ని బట్టి తయారు కాదు.

విదేశీ మీడియా అంటే ఆ దేశ ప్రభుత్వమేనన్నది మరొకటి. రష్యాకు చెందిన ఆర్‌టీ, చైనాకు చెందిన షిన్హువా విషయంలో అది చాలావరకు సరైనదే. లైసెన్సు ఫీజుతో నడిచే బీబీసీ నిష్పక్షపాతానికి కట్టుబడి ఉండాలి, ఏ అభ్యర్థినీ సమర్థించదు.

ఫలితం విషయానికి వస్తే, మన ఎన్నికల సంఘంలా ఓట్లు లెక్కించి విజేతను ప్రకటించే కేంద్ర సంస్థ అక్కడ లేదు. రాష్ట్రాలు లెక్కిస్తాయి; 1848 నుంచి ఎన్నికల ఫలితాలు చెబుతున్న ఏపీ వార్తా సంస్థ, దానితో పాటు టీవీ నెట్‌వర్క్‌లు ఆ లెక్కల ఆధారంగా విజేతను చెబుతాయి. మొదటి పోలింగ్ కేంద్రాలు ఇండియానా, కెంటకీలలో మూతపడే సరికి మనకు మర్నాడు తెల్లవారుజామున 4:30 అవుతుంది. అంతకు ముందే "ఆధిక్యం" అంటూ తెర మీద కనిపించే అంకెలను నమ్మకండి. అప్పటికి నిజంగా లెక్కించి ప్రకటించే ఓట్లు అర్ధరాత్రే పోలింగ్ ముగించే న్యూ హాంప్‌షైర్‌లోని డిక్స్‌విల్ నాచ్ లాంటి చోట్లవే, 2024లో ఆ ఊరివి మొత్తం ఆరు. మూడు ట్రంప్‌కు, మూడు హారిస్‌కు.