"మేడమ్, ఇంతకీ ఈ క్లోయీ ఎవరు?" – 18వ శతాబ్దపు ఇంగ్లీషు ప్రేమ పద్యాలపై అపోహలు, వాస్తవాలు

ఎమ్మే ఇంగ్లీషు క్లాసులో ఈ పద్యాలు మొదలుపెట్టిన రోజే ఎవరో ఒకరు పై ప్రశ్న అడుగుతారు. ఏ ఏడూ తప్పదు. నేను పనిచేసేది ఆ కాలపు పద్య సంకలనాల మీదే. 1700 తర్వాత ఒక ఇరవై ఏళ్లపాటు లండన్‌లో అచ్చయిన మిసలేనీలు, అంటే పలువురి సొంత పద్యాలూ అనువాదాలూ కలగలిపి వేసిన పుస్తకాలు. వీటి గురించి పిల్లలూ, ఒక్కోసారి తోటి లెక్చరర్లూ గట్టిగా నమ్మే సంగతులు కొన్ని ఉన్నాయి. తరచూ వినపడేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్లోయీ, సీలియా, యూఫీలియా... వీళ్లంతా కవుల ప్రేయసులు.

వాస్తవం: ఇవన్నీ గ్రీకు, లాటిన్ వాసన ఉన్న పెట్టుడు పేర్లు. మగవాళ్లకైతే స్ట్రెఫన్, డాఫ్నిస్. పేరు వెనక నిజం మనిషి ఉండకూడదనేం లేదు. 1713లో ముఖపత్రం మీద "ఒక లేడీ రాసినది" అని వేసి సంకలనం తెచ్చిన ఆన్ ఫించ్, డాఫ్నిస్ అని పిలిచింది తన మొగుణ్ణే. కానీ పేరు చూసి మనిషిని పట్టుకోబోతే చాలాసార్లు బోల్తా పడతాం. ఆ కాలపు కవి మాథ్యూ ప్రయర్ ఈ సంగతి మీదే ఒక చిన్న పద్యం రాశాడు. సరుకు పదిలంగా దాటించాలంటే వర్తకుడు దాన్ని వేరేవాళ్ల పేరు మీద పంపుతాడు. అలాగే నా పద్యంలో యూఫీలియా పేరు ఊరికే అందానికి, అసలు మంట క్లోయీ మీద అంటాడు. మన మాటల్లో యూఫీలియా బినామీ అన్నమాట. ఇద్దరూ ఎదురుగా ఉండగానే ఒకామె మీద పాట పాడుతూ ఇంకొకామె వైపు చూస్తాడు. క్లోయీ సిగ్గుపడుతుంది, యూఫీలియా మొహం చిట్లిస్తుంది. వీళ్లెవరికీ నటన చేతకాలేదని చివర్లో ప్రేమదేవత వీనస్ అంటుంది. అలాగని క్లోయీ మాత్రం అసలు పేరా? అదీ కాదు. గ్రీకులో ఆ మాటకు లేత చిగురు అని అర్థం.

అపోహ: సొంత కవిత్వం ముందు అనువాదం రెండో రకం సరుకు. పేజీలు నింపడానికి వేసేవారు.

వాస్తవం: డబ్బు లెక్క చూద్దాం. 1712లో బెర్నార్డ్ లింటట్ అనే పుస్తక వ్యాపారి ఒక సంకలనం వేశాడు. దాని పేరులోనే పద్యాలు, అనువాదాలు అని రెండూ ఉన్నాయి. అలెగ్జాండర్ పోప్ రాసిన "రేప్ ఆఫ్ ది లాక్" రెండు సర్గల తొలిరూపం మొదటిసారి అచ్చయింది అందులోనే. దానికి లింటట్ ఇచ్చింది 7 పౌండ్లు. అదే పుస్తకంలో లాటిన్ కవి స్టేషియస్ కావ్యంలో ఒక సర్గకూ, మరో లాటిన్ కవి ఓవిడ్ చెప్పిన వర్టమ్నస్-పొమోనా ప్రేమకథకూ పోప్ చేసిన అనువాదాలకు కలిపి 16 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు ఇచ్చాడు. అనువాదాల పంక్తులు ఎక్కువన్న మాట నిజమే, ఆ తేడా తీసేసి చూడాలి. అయినా, ఈరోజు ప్రతి సిలబస్‌లో ఉన్న పద్యానికి దక్కింది అందులో సగం కన్నా తక్కువ.

అసలు ఏది సొంతం, ఏది అనువాదం అన్న గీత కూడా మనం అనుకున్నచోట లేదు. 1717లో వచ్చిన పోప్ "ఎలోయీసా టు అబెలార్డ్" ఎవరిది? ఆ ప్రేమికుల ఉత్తరాలను ఫ్రెంచి మీదుగా జాన్ హ్యూస్ 1713లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. విరహంలో ఉన్న స్త్రీ ప్రియుడికి పద్యంలో ఉత్తరం రాసే పద్ధతేమో ఓవిడ్‌ది. వస్తువు ఒకరిది, అచ్చు ఇంకొకరిది, గొంతు మాత్రం పోప్‌ది. అలాంటి ఓవిడ్ ఉత్తరాల అనువాద సంకలనానికే 1680లో కవి డ్రైడెన్ ముందుమాట రాస్తూ అనువాదాన్ని మూడు రకాలు చేశాడు: మాటకు మాట దించడం, భావం చెడకుండా చెప్పడం, మూలాన్ని సాకుగా పెట్టుకుని తన దారిన తాను పోవడం. ఆయన ఓటు మధ్యదానికి. ఈ పాఠం చెప్పినప్పుడల్లా తెలుగు బాగా చదువుకున్న పిల్లలు శ్రీనాథుణ్ణి తెస్తారు. నైషధాన్ని తెలుగు చేస్తూ "అనౌచిత్యంబు పరిహరించియు" అని ఒప్పుకున్నాడు కదా, అది ఏ రకం మేడమ్ అని. మంచి ప్రశ్నే. ఆ పరిహరించడం దగ్గరే ఇంగ్లీషువాళ్ల కథా మొదలవుతుంది.

అపోహ: మూలంలో ఏం ఉందో అనువాదంలో అదే ఉంటుంది. ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫోను ఇంగ్లీషులో చదివితే సాఫోను చదివినట్టే.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1711 నవంబర్ 22 నాటి "స్పెక్టేటర్" పత్రికలో దాని వ్యాసకర్త అడిసన్ ఒకే సాఫో పద్యానికి మూడు రూపాలు ఇచ్చాడు: క్యాటలస్ లాటిన్, బ్వాలో ఫ్రెంచి, ఆంబ్రోస్ ఫిలిప్స్ ఇంగ్లీషు. నీ ఎదుట కూర్చుని నీ మాట, నీ నవ్వు వింటున్నవాడు దేవుళ్లతో సమానం అంటూ పద్యం మొదలవుతుంది. ఆ తర్వాత చూస్తున్న మనిషి ఒంట్లో జరిగేదంతా వరసగా వస్తుంది. ఇంగ్లీషులో చివరికి వచ్చేసరికి నీరసించిన నాడి కొట్టుకోవడం మరిచిపోతుంది, ఆ మనిషి సొమ్మసిల్లి పడిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ నాడి మీద అరగంట పాఠం చెప్పాను. పైగా అడిసన్ కూడా అక్కడే ఒక పాత కథ చెబుతాడు. ఆంటియోకస్ అనే రాకుమారుడు సవతి తల్లి మీద మనసుపడి మంచం పడితే, ఎరసిస్ట్రాటస్ అనే వైద్యుడు సాఫో పద్యంలోని లక్షణాలను బట్టి జబ్బేమిటో కనిపెట్టాడట. ఇంకేముంది, సాఫోకు నాడీజ్ఞానం కూడా ఉందని తేల్చేశాను.

తర్వాత మూలం పక్కన పెట్టుకుని చూస్తే గ్రీకులో నాడి లేదు. అది ఫిలిప్స్ కలిపింది. మూలంలో నాలుక పలకదు, చర్మం కింద సన్నని మంట పాకుతుంది, కళ్లు కనపడవు, చెవులు హోరెత్తుతాయి, చెమట, వణుకు, ఆపైన "గడ్డికంటే పచ్చగా" అయిపోతుంది. ఆ చివరి మాట ఫిలిప్స్ వదిలేశాడు. ఇంగ్లీషులో గడ్డిలా ఆకుపచ్చగా మారిన ప్రేమికురాలంటే జనం నవ్వుతారని భయపడ్డాడేమో. తెలుగులో ఆ ఇబ్బందే లేదు. గ్రీకు మాట మన "పచ్చ" లాంటిదే, ఆకు రంగుకూ పాలిపోయిన పసుపుకూ రెంటికీ చెల్లుతుంది. ఇంకో సంగతి. సాఫో అంతా ఇప్పుడే, నా కళ్లముందే అవుతున్నట్టు చెబుతుంది. ఫిలిప్స్ దాన్ని భూతకాలంలోకి నెట్టాడు. ఎప్పుడో జరిగింది, గుర్తు చేసుకుంటున్నాను అన్నట్టు. నా లెక్కన నాడి కన్నా ఇది పెద్ద మార్పు. అడిసన్‌కు మాత్రం ఇందులో సాఫో ఆత్మే కనిపించింది.

దానికి వారం ముందు, 223వ సంచికలో, వీనస్‌కు సాఫో చేసిన ప్రార్థన ఫిలిప్స్ అనువాదంలోనే వచ్చింది. అందులో సాఫో వలచింది "సుకుమారుడైన యువకుణ్ణి". ఈనాడు మనం చదివే గ్రీకు పాఠంలో అక్కడున్నది అమ్మాయి. తప్పంతా ఫిలిప్స్ మీద వేయను. ఆ చోట అప్పటి అచ్చుప్రతుల్లో గ్రీకే తిన్నగా లేదు, 19వ శతాబ్దంలో గానీ సరిచేయలేదు. అదే వ్యాసంలో అడిసన్ సాఫో పద్యాలు పోవడమే లోకానికి మేలేమో, అంత మత్తు చదవడం ప్రమాదం అన్నాడు. వారం తిరిగేసరికి ఇంకోటి తనే అచ్చేశాడు!

అపోహ: ఆడవాళ్లకు లాటిన్, గ్రీకు రావు కాబట్టి అనువాదాల్లో వాళ్లకు చోటు లేదు.

వాస్తవం: లాటిన్ చాలామందికి నేర్పలేదు, నిజమే. అయినా పైన చెప్పిన 1680 ఓవిడ్ సంకలనంలో ఈనోనీ అనే ఆమె ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు రాసిన ఉత్తరాన్ని రచయిత్రి ఆఫ్రా బెన్ తన పద్ధతిలో తిరగరాసింది. ఈమెకు లాటిన్ రాదని చెప్పమన్నారు, రాకపోయినా వచ్చిన మేమే సిగ్గుపడేలా రాసింది అన్నాడు డ్రైడెన్. పొగడ్తే అయినా అందులో ఒక ముల్లుంది. ఆ పుస్తకం తర్వాత ఎన్నోసార్లు అచ్చయింది. 1712 ముద్రణలో పోప్ అనువదించిన "సాఫో టు ఫేయన్" కూడా చేరింది.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ సంకలనంలోది కాదు, ఉత్తరంలోది. ఇంగ్లీషు రాయబారి భార్య మేరీ వర్ట్‌లీ మాంటగ్యూ 1717 ఏప్రిల్ 1 తేదీతో టర్కీలోని ఏడ్రియనోపుల్ నుంచి పోప్‌కు రాసింది. సుల్తాను కూతురితో పెళ్లి కుదిరినా ఆమెను ఒంటరిగా కలిసే వీల్లేని ఇబ్రహీం పాషా రాసిన టర్కీ పద్యాలు అందులో ఉన్నాయి. మేరీ ముందు వాటికి మాటకు మాట అనువాదం ఇచ్చింది. తర్వాత అవే పద్యాలను ఇంగ్లీషు ఫ్యాషన్‌లో మళ్లీ రాసింది. పక్కపక్కన పెడితే వంటకూ వడ్డనకూ ఉన్న తేడా తెలుస్తుంది. రెండోదాంట్లో కూడా ఆమె పట్టుబట్టి ఉంచింది జింక కళ్లు. ఇంగ్లీషు చెవికి ఇది వెటకారంలా వినిపిస్తుందేమో, అయినా వదల్లేకపోయాను అంటుంది. హరిణాక్షి, మృగనయని అని పిల్లలకు పేర్లు పెట్టుకునే మనకు ఆ టెన్షన్ ఎందుకో అర్థం కావడానికి కాస్త టైం పడుతుంది.

అపోహ: పుస్తకంలో పద్యం ఉందంటే కవి ఇచ్చినట్టే.

వాస్తవం: పోప్‌కు పద్దెనిమిదేళ్లు కూడా నిండకముందు, 1706లో, పుస్తక వ్యాపారి జేకబ్ టాన్సన్ మీ పద్యం వేస్తానంటూ మర్యాదగా ఉత్తరం రాశాడు. 1709లో వేశాడు. అందరూ అలా ఉండరు. 1707లో ఎడ్మండ్ కర్ల్ అనే పుస్తక వ్యాపారి, మరికొందరు కలిసి ప్రయర్ పద్యాలను ఆయన్ను అడక్కుండానే పుస్తకంగా తెచ్చారు. ఆయన మండిపడి, 1709లో టాన్సన్ దగ్గర తనే సరైన ప్రతి వేయించుకున్నాడు. కాపీరైట్ చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడే.

అపోహ: "అనాక్రియాన్ నుంచి" అని ఉంటే అది ప్రాచీన గ్రీకు కవి అనాక్రియాన్‌దే.

వాస్తవం: కాదు. 1554లో పారిస్‌లో హెన్రీ ఎస్తియెన్ అచ్చేసిన ఆ మద్యం, గులాబీల పాటలు ఎన్నో వందల ఏళ్ల తర్వాతివాళ్లు అనాక్రియాన్‌ను అనుకరిస్తూ రాసినవి. అనుకరణలకు అనువాదాలు, వాటికి మళ్లీ అనుకరణలు.

ఈ పుస్తకాలను స్కాన్లలో వెతికే పిల్లలకు ఒక మాట. అప్పటి అచ్చులో పదం మొదట్లో, మధ్యలో వచ్చే పొడుగు "ఎస్" చూడటానికి "ఎఫ్" లాగే ఉంటుంది. కంప్యూటర్ కూడా అలాగే చదువుకుంటుంది. ప్రియురాలి "సోల్" దొరక్కపోతే "ఫౌల్" అని కొట్టి చూడండి. అక్కడే ఉంటుంది.