దుంగ కొలతా, రసీదు ముక్కా

విజయనగరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

యుద్ధం వస్తే సర్కారు కలప, సిమెంటు, ఇనుము ఊరికే పట్టుకుపోతుందా అని అడిగారు కదా. రెండో ప్రపంచ యుద్ధం నాటి పద్ధతి చెబుతాను. అప్పటికి మన ఊరు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1942 ఏప్రిల్ 6న ఆ విశాఖ మీదే జపాను బాంబులు పడ్డాయి.

1939 నాటి భారత రక్షణ చట్టం కింద రెండు రూళ్లు గుర్తుపెట్టుకోండి. 81వ రూలు అదుపు చేసేది. ఇంత ధరకే అమ్ము, పర్మిట్ ఉన్నవాడికే అమ్ము అంటుంది. ఇనుము, ఉక్కుకి 1941లో వచ్చిన ఉత్తర్వు ఇలాంటిదే. సరుకు షావుకారిదే, కొట్లోనే ఉంటుంది. లాభం తగ్గిందని పరిహారం రాదు. 75-ఎ రూలు అలా కాదు, సరుకునే తీసేసుకుంటుంది. అప్పుడు సొమ్ము కట్టాల్సిందే.

ఎంత కట్టాలి? మెలికంతా అక్కడే ఉంది. స్థలం తీసుకుంటే చట్టంలో 19వ సెక్షన్ ఉంది. ముందు బేరం, కుదరకపోతే హైకోర్టు జడ్జి కాదగ్గ అర్హతున్న మధ్యవర్తి. ఆయన 1894 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ ధర చూడాలి. చిన్న మొత్తాలకు తప్ప హైకోర్టుకి అప్పీలు కూడా ఉంది. అదే అడితిలోని, అంటే కలప కొట్లోని, దుంగలు తీసుకుంటే? ప్రభుత్వం ఎంతని నిర్ణయిస్తే అంతే. కలప వ్యాపారి డబ్బంతా దుంగల్లోనే ఉంటుంది, నేలలో కాదు. నన్నడిగితే ఆ తేడా అన్యాయమే.

అందుకే షావుకారికి కాగితమే బలం. దుంగకి వాడుక లెక్క ఇదీ: చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణిస్తారు. చుట్టు 48 అంగుళాలు, పొడవు 20 అడుగులు అనుకోండి. నాలుగో వంతు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు. మొత్తం 20 ఘనపుటడుగులు. గుండ్రటి దుంగలో నిజంగా ఉండేది సుమారు 25న్నర! కోతలో పోయే చెక్కని ముందే వదిలేశారన్నమాట. ధర ఒక లెక్కలో, రసీదు ఇంకో లెక్కలో రాస్తే అయిదో వంతుకి పైగా తేడా కొడుతుంది. 'దుంగలు 40' అని రాయించుకుంటే చాలదు. ఒక్కోదానికీ నంబరు, చుట్టు, పొడవు, గుగ్గిలమా టేకా అన్నదీ పడాలి. ఏ లెక్కన కొలిచారో కూడా.

సిమెంటుది వేరే బాధ. అప్పటి బస్తా 112 పౌన్లు, టన్నుకి 20 బస్తాలు. గోనెసంచి తేమ పీలుస్తుంది, నేలకీ గోడకీ ఆనినవి ముందు గడ్డకడతాయి. ఉత్తర్వు అందాక బళ్లు వచ్చేలోపు వానలు పడితే తగువే. అందుకని ఉత్తర్వు చేతికొచ్చిన రోజే మంచివెన్ని, గట్టిపడినవెన్ని లెక్కపెట్టి, సరుకు పట్టే అధికారి చేత సంతకం పెట్టించుకోవాలి. కొన్న ధరకి ఇన్వాయిసు, రైల్వే రసీదు, బండి కిరాయి చీటీ జత చెయ్యాలి.

మరి లెక్కల్లో చూపకుండా దాచిన సరుకో? 1943లో అక్రమ నిల్వల ఆర్డినెన్సు వచ్చాక, దానికి పరిహారం అడగడమంటే నేరం ఒప్పుకోవడమే.

యుద్ధం 1945లో అయిపోయింది. సిమెంటు మీద అదుపు పూర్తిగా తీసేసింది మాత్రం 1989లో.

ఈసారి అడితి వైపు వెళ్తే తాడూ టేపూ పట్టుకెళ్లండి. రెండు లెక్కలూ కట్టి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య