వెబ్ డిజైన్, కోడింగ్ మొదలుపెట్టేవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా వెబ్‌సైట్లు తయారుచేయడమే నా పని. ఆదివారాలు కొత్తవాళ్లకి నేర్పుతుంటాను. కోడ్ అర్థంకాక ఆగిపోయినవాళ్ల కంటే, ఎవరో చెప్పిన మాటలు విని మొదలుపెట్టకముందే భయపడిపోయినవాళ్లనే ఎక్కువ చూశాను. ఆ మాటల సంగతే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లెక్కలు రావాలి, బీటెక్ చదివి ఉండాలి.

వెబ్ పేజీలో రోజూ ఎదురయ్యే లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఒక బాక్స్‌కి 300 పిక్సెళ్ల వెడల్పు ఇచ్చారు. లోపల రెండు పక్కలా 20 చొప్పున ప్యాడింగ్ (అంచుకీ లోపలి రాతకీ మధ్య ఖాళీ), 1 చొప్పున బోర్డర్ (అంచు గీత) పెట్టారు. స్క్రీన్ మీద ఆ బాక్స్ 342 పిక్సెళ్లు తీసుకుంటుంది. పక్కపక్కనే మూడు పడతాయనుకుంటే మూడోది కిందికి జారిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. బాక్స్-సైజింగ్ అనే సెట్టింగ్‌ని బోర్డర్-బాక్స్‌గా మారిస్తే ప్యాడింగూ బోర్డరూ ఆ 300లోనే సర్దుకుంటాయి. కూడికలు, శాతాలు వస్తే పేజీ కట్టడానికి చాలు.

అపోహ: ఇంగ్లీష్ అనర్గళంగా రావాలి.

నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయి తెలుగు మీడియంలో చదివింది, బీకామ్ చేసింది. వాళ్ల పిన్ని పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆ పచ్చళ్ల ధరల పేజీయే తన మొదటి ప్రాజెక్ట్. బటన్ నొక్కితే కిలో ధర, అరకిలో ధర మారాలి. మారలేదు. కన్సోల్ (బ్రౌజర్ తప్పులు చూపించే చోటు) తెరిస్తే ఎర్ర లైన్ కనిపించింది. అది చూడగానే టెన్షన్ పడి విండో మూసేసేది. ఒకరోజు కూర్చుని ఇద్దరం ఒక్కో మాటా చదివాం: ‘కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్’. నల్ అంటే అక్కడ ఏమీ లేదని. లేనిదానికి పని చెప్పావని బ్రౌజర్ అంటోంది. ఎందుకు లేదు? బ్రౌజర్ ఫైల్‌ని పైనుంచి కిందికి చదువుతుంది. స్క్రిప్ట్ ఫైల్‌ని (బటన్‌కి పని చెప్పే జావాస్క్రిప్ట్ కోడ్) పేజీ పైభాగమైన హెడ్‌లో పెట్టింది కాబట్టి, అది నడిచే వేళకి కింద ఉన్న బటన్ ఇంకా తయారవలేదు. స్క్రిప్ట్ ట్యాగ్‌లో ‘డిఫర్’ (పేజీ అంతా చదివాకే నడువు అని) అన్న ఒక్క మాట చేర్చాం, పనిచేసింది.

ఇంగ్లీష్ అసలు అక్కర్లేదని చెప్పను. కానీ గడగడా మాట్లాడే ఇంగ్లీష్ వేరు, ఒక లైన్ నిదానంగా చదివి అర్థం చేసుకునే ఇంగ్లీష్ వేరు. ఈ పనికి రెండోది కావాలి. అది చేస్తూ ఉంటే వస్తుంది.

అపోహ: ట్యాగులన్నీ కంఠతా పట్టాలి.

1991లో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ ఇచ్చిన మొదటి జాబితాలో ఉన్నవి 18 ఎలిమెంట్లే (ట్యాగులతో రాసే పేజీ భాగాలు). ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి, అయినా మామూలు పేజీకి పాతిక దాటవు. గుర్తులేనిది ఎండీఎన్ అనే వెబ్‌సైట్‌లో చూసుకోవడమే. నేను ఇప్పటికీ రోజూ చూస్తాను.

అపోహ: ఖరీదైన లాప్‌టాప్ కావాలి.

అక్కర్లేదు. నోట్‌ప్యాడ్, ఒక బ్రౌజర్ ఉంటే ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు. తర్వాత వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వేసుకోండి, అది ఉచితం. పేజీని నెట్‌లో పెట్టడానికి గిట్‌హబ్ పేజెస్ కూడా ఉచితమే.

అపోహ: కోర్సు మొత్తం పూర్తయ్యాకే సొంతంగా చేయాలి.

నేను ఎక్కువమందిని పోగొట్టుకున్నది ఇక్కడే. అమీర్‌పేట కోచింగ్ కావచ్చు, యూట్యూబ్ కావచ్చు, చూస్తూ టైప్ చేస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి ఆడదు. అప్పుడు ‘నాకు బుర్ర లేదు’ అనుకుని మానేస్తారు. దయచేసి అలా అనుకోకండి. పది నిమిషాలు చూడండి, వీడియో మూసేయండి, గుర్తున్నంత రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడికే వెళ్లి మళ్లీ చూడండి.

ఇంకో సంగతి కోర్సుల్లో సరిగా చెప్పరు. హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముందో చెప్పేది), సీఎస్ఎస్ (అది ఎలా కనిపించాలో చెప్పేది) తప్పు రాసినా అరవవు. ఒక డివ్‌ని (పేజీలో ఒక భాగాన్ని చుట్టే ట్యాగ్) మూయడం మర్చిపోతే బ్రౌజర్ తనకి తోచినట్టు సర్దుకుని పేజీ చూపిస్తుంది. ‘కలర్’ స్పెల్లింగ్ తప్పయితే ఆ లైన్‌ని వదిలేసి ముందుకెళ్తుంది. అందుకే మొదటిరోజే ఎఫ్12 నొక్కి ఇన్‌స్పెక్టర్ (బ్రౌజర్‌లోనే పేజీ కోడ్ చూపించేది) వాడటం నేర్చుకోండి. బ్రౌజర్ వదిలేసిన సీఎస్ఎస్ లైన్ అక్కడ కొట్టివేతతో కనిపిస్తుంది.

అపోహ: నేరుగా రియాక్ట్ నేర్చుకుంటే త్వరగా ఉద్యోగం వస్తుంది.

రియాక్ట్ అంటే జావాస్క్రిప్ట్‌లో రాసిన టూల్, అంటే అదీ జావాస్క్రిప్టే. అడుగున ఉన్నది రాకుండా పైది పట్టుకుంటే, చిన్న తప్పు వచ్చినా అది రియాక్ట్‌దో, జావాస్క్రిప్ట్‌దో, సీఎస్ఎస్‌దో తేల్చుకోలేరు. మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల మాట నమ్మి అప్పు చేసి ఫీజు కట్టకండి.

అపోహ: డిజైన్ అంటే రంగులు, బొమ్మలు.

చదవగలగడం ముందు, అందం తర్వాత. పచ్చళ్ల పేజీకే వద్దాం. జాబితాలో ‘పండుమిర్చి’ కింద ‘గోంగూర పచ్చడి’ ఉంది. లైన్-హైట్ (ఒక్కో వరుస ఎత్తు) 1.2. ఇంగ్లీష్ అక్షరాలకి అది సరిపోవచ్చు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా. మిర్చిలోని ఒత్తు కిందికి దిగి, కింది వరుసలోని అక్షరం పైభాగాన్ని తాకుతోంది. లైన్-హైట్ 1.7 చేశాం. రంగు ఏదీ మార్చకుండానే పేజీకి ఊపిరాడింది.

తెలుగులో పేజీ చేసేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. హెడ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష ‘టీఈ’ అని రాస్తే, కళ్లు కనిపించనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి ఇది తెలుగని తెలుస్తుంది.

అపోహ: ఏఐ రాసిస్తుంది కదా, ఇక నేర్చుకోవడం దేనికి?

పైన చెప్పిన 1.2 కూడా ఏఐ రాసిచ్చిందే. తను రాసింది పిన్ని ఫోన్‌లో ఎలా ఉందో అది చూడలేదు. మేం చూశాం. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పేజీలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని సాధారణంగా 980 పిక్సెళ్ల వెడల్పుతో గీసి, చిన్న స్క్రీన్‌లోకి కుదిస్తుంది. ఆ ఒక్క ట్యాగ్ పెట్టి మళ్లీ తెరిచాక పిన్ని కళ్లజోడు లేకుండానే ధరలన్నీ చదివింది. మాగాయ ధర తప్పు రాశారని కూడా చెప్పింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఆర్డర్ ఫారం మొదలుపెట్టింది, ఫారంలో గడికి పేరు పెట్టే లేబుల్ ట్యాగ్ దగ్గర ఉంది.