వడదెబ్బ: “కూలివాళ్ళకు ఎండ అలవాటే” అనే మాట ఖరీదు

ఏప్రిల్ వచ్చిందంటే అత్యవసర విభాగంలో ఒక మాట మళ్ళీ మళ్ళీ వింటాను: “వీళ్ళకు ఎండ అలవాటేనండీ, వడదెబ్బ అయి ఉండదు.” రోగిని తెచ్చిన మేస్త్రీ అంటాడు, ఒక్కోసారి మా సిబ్బందే అంటారు. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

అపోహ: కాయకష్టం చేసేవాళ్ళను ఎండ ఏమీ చేయదు.

వాస్తవం: ఒళ్ళు ఎండకు కొంతవరకు అలవాటు పడుతుంది, నిజమే. అందుకు వారం నుంచి రెండు వారాలు కావాలి. అలవాటుపడిన ఒంటికి చెమట ఎక్కువ పడుతుంది కాబట్టి నీళ్ళు ఇంకా ఎక్కువ కావాలి. కొన్నాళ్ళు పని మానితే ఆ అలవాటు పోతుంది. జ్వరం నుంచి లేచి మళ్ళీ పనిలోకి దిగిన మొదటి రోజులు చాలా ప్రమాదం. పైగా బరువులు మోసే కండరాలే లోపల వేడి పుట్టిస్తాయి. అందుకే ముప్ఫై ఏళ్ళ దృఢమైన మనిషికి కూడా, ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బ తగులుతుంది.

ఒక మే నెలలో ఇటుక బట్టీ నుంచి ఒక యువకుణ్ణి తెచ్చారు. పదకొండు గంటలకే తూలుతూ పొంతన లేకుండా మాట్లాడాడట. తాగాడనుకొని రేకుల షెడ్డులో పడుకోబెట్టారు. రెండు గంటల తర్వాత ఫిట్స్ వస్తే ఆటో ఎక్కించారు. మేము చూసేసరికి ఒంటి వేడి 42 డిగ్రీలు. మూడో రోజు చనిపోయాడు. అతని భార్య నన్ను ఒకటే అడిగింది: “మా ఆయన తాగడండీ. తాగాడని మాత్రం రాయకండి.”

అదే తూలడం ఒక ఆఫీసు ఉద్యోగిలో కనిపిస్తే పక్షవాతమేమో, షుగరు పడిపోయిందేమో అని పరుగులు తీస్తాం. కూలీలో కనిపిస్తే తాగాడంటాం. ఆ అనుమానానికే రెండు గంటలు పోయాయి. మొదటి అరగంటలో ఒళ్ళు చల్లబరిస్తే బతికే అవకాశం ఎంతో ఎక్కువ. మనిషిని నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. 108 వచ్చేదాకా ఆపకండి.

అపోహ: ఎండలు ఎప్పుడూ ఉన్నవే, అందరికీ ఒకటే.

వాస్తవం: 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. సగటు ఆ మాత్రం పెరిగినా తీవ్రమైన ఎండ రోజులు బాగా పెరుగుతాయి. 2015 వేసవిలో దేశంలో రెండు వేలకు పైగా మరణాలు నమోదైతే అత్యధికం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. పోయినవాళ్ళలో కూలీలు, వృద్ధులే ఎక్కువ. రేకుల ఇంట్లో రాత్రి కూడా ఒళ్ళు చల్లబడదు. మరుగుదొడ్డి లేని పనిచోట ఆడవాళ్ళు దాహమైనా నీళ్ళు తగ్గించుకుంటారు. కులం పేరుతో ఒకే కుండలో నీళ్ళు ముంచుకోనివ్వని చోట్లు నేను చూశాను. చలివేంద్రం ఎక్కడ పెట్టాలో, పని ఎన్నింటికి ఆపాలో నిర్ణయించేటప్పుడు ఈ సంగతులు ముందుండాలి. 2010 వేసవిలో వందల ప్రాణాలు పోయాక అహ్మదాబాద్ 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అప్పటి నుంచి ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రుల సన్నద్ధత ఒక పద్ధతిలో పడ్డాయి. ప్రతి మండలానికీ అది ఈ వేసవికే కావాలి.

మిగతావి క్లుప్తంగా. జేబులో ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు. పారాసిటమాల్ ఈ వేడిని దించదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెలకువగా ఉంటే మజ్జిగ, ఓఆర్ఎస్ మంచివి.

భయంతో పరుగెత్తుకొచ్చే కుటుంబాలకు ఒక మాట. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. మనిషి ఎంతసేపు ఎండలో ఉన్నాడు, ఏ పని చేశాడు, తూలడం ఎప్పుడు మొదలైంది, ఈ మూడూ వచ్చీ రాగానే చెప్పండి. కేసు షీటులో రాయమని అడగండి. తెలంగాణలో 2025 నుంచి వడదెబ్బ మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ఉంది, కానీ మరణం వడదెబ్బ వల్లేనని నిర్ధారణ కావాలి. ఆ యువకుడి కాగితంలో నేను వడదెబ్బ అనే రాశాను.