చివరి పెట్టె పోయింది, గాలి గొట్టం మిగిలింది

అమెరికాలో గూడ్స్ బండ్లు చూడ్డానికి పట్టాల పక్కన గంటల తరబడి నిలబడే రైలు అభిమానులు ఎప్పుడూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. చివర ఉండాల్సిన గార్డు పెట్టె ఏమైంది? బండి మధ్యలో ఇంజన్ ఎందుకు పెట్టారు? ఇంజన్ తగిలించాక కూడా అంతసేపు కదలకుండా ఏం చేస్తోంది? మైలు దాటిన పొడవుంటే ఆగేదెలా? దేనికది వేరే ప్రశ్నలా ఉంటుంది గానీ, ఏది పట్టుకుని లాగినా పెట్టెల కింద మొదటి నుంచి చివరిదాకా సాగే గాలి గొట్టం దగ్గరికే చేరతాం.

ఆ గొట్టం లేని రోజుల్లో బ్రేకు వెయ్యాలంటే మనుషులే వెయ్యాలి. డ్రైవరు కూత వెయ్యగానే బ్రేక్‌మన్‌లు కప్పుల మీదికెక్కి, ఒక పెట్టె మీంచి ఇంకో పెట్టె మీదికి దాటుతూ, ఒక్కో పెట్టెకున్న చక్రాన్ని తిప్పి బ్రేకు బిగించేవారు. చేతి బలం చాలకపోతే చక్రంలో చెక్క దుడ్డు దూర్చి తిప్పేవారు. మంచు కురిసినా, చీకటైనా అదే పని. ముందు తలకు తగిలేంత కిందుగా వంతెన ఉంటే, దానికి కొంత ఇవతల పట్టాలకు అడ్డంగా పైన తాళ్లు వేలాడదీసేవారు. మొహానికి తాడు తగిలిందంటే వెంటనే పడుకోవాలి, లేకపోతే ప్రాణం పోతుంది. పెట్టెలు తగిలించడం ఇంకో గండం. రెండు పెట్టెలు దగ్గరికొస్తుంటే మధ్యలో నిలబడి, లంకెను సరిచేసి, చేత్తో పిన్ను వెయ్యాలి. అలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు కోకొల్లలు.

జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంట్ తీసుకునేనాటికి ఆయనకు 22 ఏళ్లు. ఆ మొదటి పద్ధతిలో ఇంజన్ నుంచి గాలి పంపితే బ్రేకు పడేది. గొట్టం తెగిందా, బ్రేకే లేదు. 1872 నాటికి ఆయన దాన్ని తిరగేశాడు. ఒక్కో పెట్టె కింద ఒక గాలి ట్యాంకు, ఒక వాల్వు పెట్టాడు. గొట్టంలో ఒత్తిడి నిండుగా ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. ఒత్తిడి తగ్గగానే వాల్వు కదిలి, ట్యాంకులోని గాలి బ్రేకును నొక్కుతుంది. అంటే డ్రైవరు బ్రేకు వెయ్యడానికి గాలి పంపడు, గొట్టంలోంచి వదిలేస్తాడు. బండి రెండుగా తెగితే గొట్టమూ ఊడి, రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. నా దృష్టిలో రైళ్ల చరిత్రలో ఇంతకంటే గొప్ప ఆలోచన లేదు.

ప్రయాణికుల బళ్లలో ఇది బాగానే పనిచేసింది. పొడవాటి గూడ్స్ బండికొచ్చేసరికి ఇబ్బంది మొదలైంది. అయోవాలోని బర్లింగ్టన్‌లో 1886, 1887లో 50 పెట్టెల బళ్లతో పరీక్షలు పెట్టారు. ముందు పెట్టెలకు బ్రేకు పడిపోయేది, చివరి పెట్టెలకు ఆ సంగతి ఇంకా అందేది కాదు. వెనకవి వచ్చి ముందువాటిని గుద్దేవి, లోపలున్నవాళ్లు పడిపోయేవారు. దాంతో వెస్టింగ్‌హౌస్ ఆ ఏడే వాల్వును మార్చాడు. అత్యవసర బ్రేకు వేసినప్పుడు ప్రతి పెట్టె దగ్గరా గొట్టంలోని గాలి కొంత అక్కడికక్కడే గొట్టం వదిలి పోయేలా చేశాడు. దాంతో సంకేతం చివరిదాకా వేగంగా పరుగెత్తింది. లొరెంజో కాఫిన్ అనే అయోవా రైతు ఏళ్ల తరబడి పోరాడగా, 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ గాలి బ్రేకులు, పెట్టెలు వాటంతటవే తగులుకునే ఆటోమేటిక్ కప్లర్లు తప్పనిసరి చేసే చట్టం మీద సంతకం పెట్టారు. అది పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి 1900 అయింది.

చివరి పెట్టె, అక్కడివాళ్లు కబూస్ అనేది, ఇంకో ఎనభై ఏళ్లు నడిచింది. అందులోని సిబ్బంది కప్పు మీది చిన్న గూట్లో కూర్చుని, ఏ ఇరుసు దగ్గరైనా పొగ వస్తోందా అని ముందు పెట్టెలకేసి చూస్తూ ఉండేవారు. లోపల పొయ్యి, గాలి ఒత్తిడి చూపే మీటరు, అవసరమైతే వెనక నుంచే బ్రేకు వేసే వాల్వు ఉండేవి. ఇరుసులు తేలిగ్గా తిరిగే రోలర్ బేరింగులు, పట్టాల పక్కన వేడిని పసిగట్టే పరికరాలు వచ్చాక కాపలా అక్కర్లేదన్నారు. 1982లో సిబ్బంది యూనియన్‌తో ఒప్పందం తర్వాత కబూస్‌లు వేగంగా మాయమయ్యాయి. వాటి బదులు చివరి కప్లరుకు ఎర్రలైటు మిణుకుమనే చిన్న డబ్బా తగిలించారు. అది వెనక ఒత్తిడి ఎంతుందో రేడియోలో ఇంజన్‌కు చెబుతుంది. కానీ మొదట్లో వచ్చిన డబ్బాలు చెప్పేవే గానీ, వెనక నుంచి బ్రేకు వేసేవి కావు. మీటరుంది, వాల్వు వేసే చెయ్యి లేదు. 1996 ఫిబ్రవరి 1న కాలిఫోర్నియాలోని కహోన్ కనుమలో గొట్టం మధ్యలో ఎక్కడో మూసుకుపోయి, వెనక పెట్టెలకు బ్రేకు అందక బండి అదుపు తప్పింది. ఇద్దరు సిబ్బంది చనిపోయారు. 1997లో గానీ, ఇంజన్ నుంచి మీట నొక్కితే చివర గాలి వదిలే రెండువైపుల డబ్బాను చాలా గూడ్స్ బళ్లకు తప్పనిసరి చెయ్యలేదు. మనిషిని తీసేసిన రోజే ఆ మనిషి చేసే పని కూడా డబ్బాకు అప్పగించాల్సింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గాలికి ఇంకో గుణం ఉంది, అది కారిపోతుంది. 2013 జులై 6న కెనడాలోని లాక్ మెగాంటిక్‌లో జరిగింది అదే. వాలు మీద ముడిచమురు ట్యాంకర్లతో నిలిపిన బండికి 7 చేతి బ్రేకులే వేశారు. కనీసం 17 కావాల్సిందని దర్యాప్తులో తేలింది. మంట వచ్చిందని ఇంజన్ ఆపేయడంతో గాలి నింపే కంప్రెసర్ ఆగింది, ఇంజన్ల బ్రేకులను నొక్కిపట్టిన గాలి మెల్లగా తగ్గిపోయింది, బండి ఊరి మీదికి దొర్లింది. 47 మంది చనిపోయారు.

ఇక మధ్యలో ఇంజన్ సంగతి. 1960ల నుంచే రేడియోతో నడిచే ఇంజన్లను బండి మధ్యలో పెడుతున్నారు. అవి కప్లర్ల మీద లాగుడు భారం పంచుకుంటాయి. అంతే ముఖ్యంగా, గొట్టంలోకి ఇంకో చోటు నుంచి గాలి ఎక్కిస్తాయి, బ్రేకు వేసినప్పుడు అక్కడి నుంచీ వదులుతాయి. ఈ వెసులుబాటుతోనే బళ్లు ఇంకా పొడవయ్యాయి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2019లో చూసినప్పుడు, రెండు పెద్ద కంపెనీల బళ్ల సగటు పొడవు 2008తో పోలిస్తే 25 శాతం దాకా పెరిగింది. మూడు మైళ్ల బళ్లూ నడుస్తున్నాయి.

కరెంటు సంకేతంతో పెట్టెలన్నిటికీ ఒకేసారి బ్రేకు పడే పద్ధతి ఉంది. కొన్ని చమురు బళ్లకు అది ఉండాలని 2015లో నిబంధన పెట్టారు, 2018లో ఎత్తేశారు. ఏదైనా బ్రేకును నొక్కేది గాలే కాబట్టి, ఇప్పటికీ ఇంజన్ తగిలించాక బండి వెంటనే కదలదు. చదరపు అంగుళానికి 90 పౌండ్ల ఒత్తిడి దాకా ముందు గొట్టం, తర్వాత ఒక్కో ట్యాంకూ నిండాలి. చలి రోజుల్లో రబ్బరు బిగుసుకుని జాయింట్ల దగ్గర గాలి కారుతుంది, ఇంకా ఆలస్యం. పక్కన నిలబడి వింటే పెట్టెల కింద సన్నగా బుస్సుమనే చప్పుడు వినిపిస్తుంది. ఇంజన్‌లో డ్రైవరు మైలు అవతలి డబ్బా పంపే అంకె చూస్తూ కూర్చుంటాడు, అది పైకెక్కేదాకా.