పెద్ద చిప్పు వేస్తే తెర వెలగదు: ఎల్ఈడీ ప్రొజెక్టర్లపై అపోహలు, వాస్తవాలు

తుండుగుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి ఒక ఉపాధ్యాయుడు తన ప్రొజెక్టరును నా దగ్గరికి తెచ్చారు. పిల్లలకు పాఠాలు చూపించడానికి సొంత జీతంలోంచి కొన్నది. వెలుగు చాలడం లేదంటే ఎవరో సలహా ఇచ్చారట, లోపలున్న 50 వాట్ల సీఓబీ (చిన్న ఎల్ఈడీ చిప్పులెన్నో ఒకే పలక మీద పరిచిన దీపం) తీయించి 100 వాట్లది వేయించారు. తెర మీద తేడా ఏమీ కనిపించలేదు. నెల తిరక్కుండా బొమ్మ నడిమధ్య పసుపు మచ్చ పడింది. "ఇంకాస్త మంచి లెన్సు వేస్తే వెలుగంతా పోగవుతుందా సార్?" అని అడిగారు.

పదిహేనేళ్లుగా ప్రొజెక్టర్లకు ఇల్యూమినేషన్ ఆప్టిక్స్, అంటే దీపం వెలుగును బొమ్మ తయారయ్యే చోటికి చేర్చే లెన్సుల అమరిక, డిజైన్ చేస్తున్నాను. ఈ ప్రశ్న ఇంజినీరింగ్ విద్యార్థులు అడిగారు, కొత్తగా సంస్థ పెట్టినవాళ్లు అడిగారు, డబ్బంతా ఖర్చయ్యాక దిగులుతో వచ్చినవాళ్లు అడిగారు. అందుకే ముందు ఈ ఒక్కదాని గురించి గట్టిగా చెప్పాలి. మిగిలినవి తర్వాత.

అపోహ: ఎల్ఈడీ ఎంత పెద్దదైతే అంత వెలుగు. సరైన లెన్సు దొరికితే ఆ వెలుగునంతా తెర మీదికి తేవచ్చు.

వాస్తవం: ఏ లెన్సూ తేలేదు. దాని ఖరీదుతో, నునుపుతో, కోటింగుతో దీనికి సంబంధం లేదు. గరాటు పెట్టి సన్నని గొట్టంలోకి దింపడానికి వెలుగు నీళ్లు కాదు. కాంతి వెలువడే వైశాల్యం, అది విచ్చుకునే కోణం, ఈ రెండింటి లెక్కే ఎటెండ్యూ. లెన్సుతో వైశాల్యం తగ్గిస్తే కోణం పెరుగుతుంది, కోణం తగ్గిస్తే వైశాల్యం పెరుగుతుంది. రెండూ ఒకేసారి తగ్గాలంటే వెలుగులో కొంత వదులుకోవాల్సిందే.

నిజంగానే గరాటు చేసి తెచ్చిన విద్యార్థి ఒకడున్నాడు. నాలుగు అద్దపు పలకలు అతికించిన గొట్టం. ఎల్ఈడీ వైపు వెడల్పుగా, రెండో కొస సన్నగా ఉంది. సన్నని కొస దగ్గర తెల్ల కాగితం పెట్టి చూపిస్తే వెలుగంతా ఎందుకు రావడం లేదో అతనికి అర్థం కాలేదు. కిరణం వాలుగోడకు తగిలిన ప్రతిసారీ గోడ వాలుకు రెండింతలు పక్కకు తిరుగుతుంది. అలా తగులుతూ తగులుతూ చివరికి అడ్డంగా మళ్లి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. గొట్టాన్ని తిరగేసి, సన్నని కొసను ఎల్ఈడీకి ఆనించమన్నాను. విచ్చుకుని వచ్చే వెలుగు ఈసారి బుద్ధిగా ముందుకు సాగింది. ఆ పిల్లవాడి ముఖం చూసి నాకూ సంతోషం వేసింది.

లెక్క వేసి చూద్దాం. 0.55 అంగుళాల ఎక్స్‌జీఏ డీఎండీ తీసుకోండి. బొమ్మలో ఒక్కో చుక్కకు ఒక్కో బుల్లి దర్పణం ఉన్న చిప్పు అది. అడ్డంగా 1024, నిలువుగా 768 దర్పణాలు, ఒక్కోటి 10.8 మైక్రాన్లు. అంటే వైశాల్యం సుమారు 92 చదరపు మిల్లీమీటర్లు. దర్పణాలు 12 డిగ్రీలు వాలుతాయి కాబట్టి తీసుకోగలిగిన కాంతి శంకువు అర్ధకోణం కూడా 12 డిగ్రీలే. ఎల్ఈడీ ఏమో అర్ధగోళమంతా వెలుగు చిమ్ముతుంది. రెండింటి ఎటెండ్యూ సమానం కావాలంటే ఎల్ఈడీ వైశాల్యం ఎంత ఉండాలి? 92ను సైన్ 12 డిగ్రీల వర్గంతో గుణిస్తే దాదాపు 4 వస్తుంది. అంటే 2 మిల్లీమీటర్ల చదరపు చిప్పు ఆ డీఎండీకి సరిగ్గా సరిపోతుంది. 3 మిల్లీమీటర్ల చిప్పు వేస్తే వైశాల్యం 9. అందులో 4 వంతుల వెలుగే పనికొస్తుంది, మిగిలిన 5 వంతులు కరెంటు ఖర్చు, వేడి. ఇది పై హద్దు. అసలు పరికరంలో ఇంకా తక్కువే దక్కుతుంది.

ఇక్కడ అందరూ భూతద్దాన్ని గుర్తు చేస్తారు. ఎండను ఒక్కచోటికి చేర్చి కాగితం కాలుస్తాం కదా అంటారు. సూర్యుడు మనకు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పునే కనిపిస్తాడు, అందుకే ఆ కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న భూతద్దం కింద పడే చుక్క సూర్యుడి బింబమే, అది 1 మిల్లీమీటరు కన్నా కాస్త చిన్నది. అదే భూతద్దాన్ని గదిలో ట్యూబ్‌లైటు కింద పట్టుకోండి. ట్యూబు బొమ్మ పడుతుంది, కాగితం వెచ్చబడను కూడా వెచ్చబడదు. ఎల్ఈడీ ఆ ట్యూబ్‌లైటు జాతిది, సూర్యుడి జాతిది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన పొరపాటు కూడా చెబుతాను, ఎందుకంటే అందులోనే ఇప్పటికీ చాలామంది పడుతున్నారు. డేటాషీట్లో ఎక్కువ ల్యూమెన్లు (మొత్తం వెలుగు కొలత) చూపించిన ఎల్ఈడీని ఎంచుకున్నాను. దాని మీద సిలికోన్ గోపురం ఉంది. మూడు నెలలు లెన్సులు మార్చాను, వక్రతలు మార్చాను, రాత్రిళ్లు సిమ్యులేషన్లు నడిపాను. వెలుగు రాలేదు. మా పెద్దాయన ఒకరు కరెంటు బాగా తగ్గించి, మసకగా వెలుగుతున్న ఆ ఎల్ఈడీని పక్కనున్న గోపురం లేని దానితో పోల్చి చూడమన్నారు. రెండింటిలోనూ 2 మిల్లీమీటర్ల చిప్పే ఉంది. గోపురం కింద ఉన్నది మాత్రం గ్లాసు నీళ్లలో పడ్డ రూపాయి బిళ్ల పెద్దగా కనిపించినట్టు ఒకటిన్నర రెట్లు పెద్దగా కనిపించింది. వక్రీభవన గుణకం 1.5 కాబట్టి ఎటెండ్యూ 2.25 రెట్లు, అంటే నా 4 చదరపు మిల్లీమీటర్ల చిప్పు 9 లాగా ప్రవర్తిస్తోంది. గోపురం వల్ల చిప్పులోంచి ఎక్కువ కాంతి బయటికి వస్తుందన్నది నిజమే, వీధి దీపానికి అది మంచిదే. ప్రొజెక్టరుకు కావలసింది మొత్తం ల్యూమెన్లు కాదు, చిప్పు ముఖం మీది ప్రకాశ సాంద్రత. డీఎండీ ప్రొజెక్టర్ల కోసం చేసిన ఎల్ఈడీలు చాలావరకు గోపురం లేకుండా రావడానికి కారణం ఇదే.

మరి లెన్సు డిజైనుకు విలువ లేదా? చాలా ఉంది. పనికొచ్చే వెలుగును వృథా చేయకపోవడమే దాని పని. ఎల్ఈడీ వెలుగులో 30 డిగ్రీల లోపల ఉండేది 25 శాతమే. 60 డిగ్రీల దాకా పడితే 75 శాతం, 70 దాకా పడితే 88 శాతం. అందుకే మొదటి లెన్సును చిప్పుకు దాదాపు తాకేంత దగ్గరగా పెట్టి, రెండో ఆస్ఫెరిక్ (గోళాకారం కాని వంపున్న) లెన్సుతో కిరణాలను సమాంతరం చేసి, బుల్లి లెన్సులు గళ్లలా పేర్చిన ఫ్లై-ఐ లెన్సుతో డీఎండీ ఆకారానికి దీర్ఘచతురస్రంగా పరుస్తాం. లెన్సు పదో వంతు మిల్లీమీటరు జరిగినా ఫలితం మారుతుంది.

నిజంగా వెలుగు పెంచే దారులు వేరు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్పులను డైక్రోయిక్ అద్దాలతో (కొన్ని రంగులను వెనక్కి తిప్పి, మిగిలినవాటిని లోపలికి వదిలేవి) ఒకదాని మీద ఒకటి పడేలా కలపవచ్చు. రంగులు వేరు కాబట్టి ఎటెండ్యూ పెరగదు. ఒకే రంగు చిప్పులు రెండింటిని అలా కలపలేం. తెల్లని వెలుగులో ఎక్కువ ల్యూమెన్లు ఆకుపచ్చవే కనుక, ఆకుపచ్చ ఫాస్ఫర్‌కు (నీలం వెలుగును మింగి ఆకుపచ్చను చిమ్మే పదార్థం) ముందు వైపు నుంచి మరో నీలం ఎల్ఈడీ వెలుగును కూడా అందించే పద్ధతి ఉంది. ఫిలిప్స్ కలర్‌స్పార్క్ హెచ్ఎల్‌డీలో ఫాస్ఫర్ కడ్డీకి పక్కల నుంచి ఎన్నో నీలం ఎల్ఈడీల వెలుగును పంపి, ఒక్క కొస నుంచి ఆకుపచ్చను రాబడతారు. అక్కడ కాంతి రంగు మారుతూ కొంత శక్తిని వేడిగా వదులుతుంది కాబట్టే అది సాధ్యం. లెన్సు ఆ పని చేయలేదు.

ఇక ఉపాధ్యాయుడి ప్రొజెక్టరు ఎల్‌సీడీ ప్యానెలుది. అందులో ఫ్రెనెల్ లెన్సులు (వలయాల్లా గాళ్లున్న పలుచని లెన్సులు) ప్యానెలు గుండా ఎల్ఈడీ బింబాన్ని ప్రొజెక్షన్ లెన్సు నోట్లో పడేలా చేస్తాయి. సీఓబీ పెద్దదైతే ఆ బింబం కూడా పెద్దదై లెన్సు అంచులు దాటి డబ్బా గోడలకు తగులుతుంది. ఆ అదనపు వెలుగు తెరకు చేరదు. ప్యానెలు మీద మాత్రం ఆ వెలుగంతా పడుతుంది. ఒకే దిశలో కంపించే వెలుగునే వదిలే పోలరైజరు పొర సగానికి పైగా మింగి వేడెక్కుతుంది. ఆ పసుపు మచ్చ మాడిన పోలరైజరే.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

"డబ్బా మీద 9000 ల్యూమెన్లని ఉంది." ఎల్ఈడీ దగ్గరి ల్యూమెన్లు వేరు, తెర మీదివి వేరు. తెరను తొమ్మిది సమాన గళ్లుగా విభజించి, తెల్లని బొమ్మ వేసి, ఒక్కో గడి మధ్యలో లక్స్ (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు) కొలిచి, సగటును చదరపు మీటర్లలో తెర వైశాల్యంతో గుణించండి. ఆన్సీ ల్యూమెన్లంటే అవి. డబ్బా మీద ఆ మాట లేకపోతే ఆ అంకెను నమ్మకండి.

"కరెంటు రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపు." కాదు. కరెంటు పెరిగేకొద్దీ సామర్థ్యం పడిపోతుంది. వేడికి ఎరుపు ఎల్ఈడీ అందరికన్నా ముందు నీరసిస్తుంది. డీఎండీతో పనిచేసే డీఎల్‌పీ ప్రొజెక్టరులో బొమ్మ క్రమంగా ఆకుపచ్చ వైపు తిరిగితే ముందు ఫ్యాను, హీట్‌సింకు దుమ్ము చూడండి.

"30,000 గంటలు ఢోకా లేదు." ఆ లెక్క ఎల్ఈడీది. మూసిన డబ్బాలో ఎల్‌సీడీ ప్యానెలు అన్ని గంటలు ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

"ఎల్ఈడీ వెలుగు కళ్లకు ఏమీ కాదు." పిల్లలను లెన్సులోకి చూడనివ్వకండి. అంతే.

ఆ ఉపాధ్యాయుడికి కొత్త లెన్సు అమ్మలేదు. పాత 50 వాట్ల సీఓబీనే తిరిగి వేశాను, పోలరైజరు మార్చాను, ఫ్రెనెల్ మీది దుమ్ము తుడిచాను. తెర ఎంత అని అడిగితే 120 అంగుళాలన్నారు. "80కి తగ్గించండి మాస్టారూ, వైశాల్యం 2.25 రెట్లు తగ్గుతుంది కాబట్టి వెలుగు అన్ని రెట్లు చిక్కగా పడుతుంది, కిటికీలకు నల్లగుడ్డ కట్టండి" అన్నాను. వారం తర్వాత ఫోను చేశారు. చివరి బెంచీలను నాలుగడుగులు ముందుకు జరిపించారట, మ్యాపులో నదుల పేర్లు అక్కడి నుంచి చదవగలుగుతున్నారట.